ఖాడీపూర్ అనే ఊరు

మా టీచరమ్మ పోయారు. ఈ సంగతి మా సందులో అందరికంటే ముందు నాకే తెలిసింది, ఎందుకంటే పొద్దుటి చాయ్ ఆమెకు నా పొయ్యి మీదే మరిగేది. ఆ రోజు గ్లాసు పట్టుకుని రెండో అంతస్తు ఎక్కి తలుపు తట్టాను, పిలిచాను, తిట్టాను కూడా. లోపల ఆమె పక్కకు తిరిగి పడుకునే ఉన్నారు. కరోనా కాదు, జ్వరమూ కాదు, నిద్రలో గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. షుగర్ ఉన్న మనిషి, డెబ్బై దాటిన మనిషి, ఏడాదికి పైగా ఆ మాయరోగాన్ని గుమ్మం బయటే నిలబెట్టి, చివరికి ఎవరినీ పిలవకుండా వెళ్లిపోయారు. బతికినంత కాలం గొంతు చించుకున్న ఆమె అంత చప్పుడు లేకుండా పోవడం నాకు ఇప్పటికీ నచ్చలేదు.

కబురు మా సందు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ గ్రూపు పేరు ‘ఖాడీపూర్’. మీరు సూరత్ పటం ముందేసుకుని ఎంత వెతికినా ఆ ఊరు దొరకదు. దాన్ని కట్టింది మా టీచరమ్మ. పునాది రాయి మాత్రం మా ఆయన వేశాడు. ఆ ఘనకార్యం చెప్పకుండా ఆమె గురించి ఏం చెప్పినా సగమే అవుతుంది కాబట్టి, ఆయన కోప్పడినా సరే, అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది జనగామ దిక్కు. పెళ్లయిన కొత్తలో మా ఆయనకు పాండేసరలో రంగుల మిల్లులో పని దొరికితే మేమిద్దరం, మా అత్త, నవాగామ్‌లో ఒక మేడ కింది గదిలో దిగాం. సందు చివర మురికినీళ్ల వాగు ఒకటి పారేది. అప్పటికి మాకు హిందీ ముక్కలు ముక్కలుగా వచ్చు, గుజరాతీ అసలే రాదు. దిగిన కొద్ది రోజులకే వానలు పట్టుకున్నాయి. ఒక పొద్దున మైకు కట్టిన ఆటో ఒకటి సందులోకి వచ్చి అరవడం మొదలుపెట్టింది.

“ఖాడీ పూర్ ఆవే ఛే! ఖాడీ పూర్ ఆవే ఛే!”

మా దిక్కున ఊళ్ల పేర్లు సగం ‘పూర్’తోనే ముగుస్తాయి కదా. మా ఆయన చెవులు రిక్కించాడు. “ఖాడీపూర్ అంటున్నరే. కొత్త మిల్లులు పడ్డట్టున్నయి. మనుషుల కోసం తిరుగుతున్నరు” అని, టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని ఆ ఆటో వెంట ఉరికాడు. “భయ్యా, ఖాడీపూర్ కిత్నా దూర్?” అని అడిగాడట. ఆటోవాడు సందు చివరికి వేలు చూపించి, “అరే, ఆ హీ గయా!” అన్నాడట, వచ్చేసింది అని. మా ఆయన తిరిగొచ్చి, “దగ్గర్నే ఉన్నదట. నడిచి పోవచ్చు” అని సంబరంగా చెప్పాడు.

నడిచి పోవలసిన పని పడలేదు. మధ్యాహ్నానికల్లా ఖాడీపూరే నడుచుకుంటూ మా గదిలోకి వచ్చింది. ఇక్కడ ఖాడీ అంటే వాగు, పూర్ అంటే వరద. వాగు పొంగుతోంది, జాగ్రత్త అని పొద్దుటి నుంచీ మైకు మొత్తుకుంటుంటే మేం కొత్త ఉద్యోగం గురించి కలలు కంటూ కూర్చున్నాం.

నీళ్లు మోకాళ్లకు వచ్చేసరికి నేను బియ్యం డబ్బా నెత్తికెత్తుకుని నిలబడ్డాను. అప్పుడు మెట్ల మీద నుంచి తెలుగులో ఒక కేక వినిపించింది. “ఓ కొత్త బిడ్డా! బియ్యం మల్ల కొనుక్కోవచ్చు. ముందుగాల ముసలామెను ఎత్తుకో!” టీచరమ్మను మొదటిసారి చూడటం అదే. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మెట్ల మీద నిలబడి, మమ్మల్ని ఒకటో తరగతి పిల్లల్ని పిలిచినట్టు పిలుస్తున్నారు. మా అత్తకు దమ్ము, అంటే ఉబ్బసం. నాలుగు మెట్లెక్కితే ఊపిరందదు. ఎలాగో ఎత్తుకుపోయాం.

తన గదిలో మాకు పొడి బట్టలిచ్చి, పొద్దుటి నుంచి మైకు మొత్తుకుంటుంటే ఎందుకు కదల్లేదని అడిగారు. మా ఆయన తలవంచుకుని ఖాడీపూర్ సంగతి చెప్పాడు. ఆమె నవ్వడం మొదలుపెట్టి, నవ్వలేక గోడకు ఆనుకుని కూలబడ్డారు. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, “తమ్మీ, నిన్ను జూసి నవ్విన గని, నవ్వాల్సింది మమ్మల్ని జూసి. ఎన్నేండ్ల సందో మైకుల ఒర్రుతున్నరు. ఒక్కనికన్న సమజయిందా అని ఎవ్వరు అడుగలే. నేను గూడ అడుగలే” అన్నారు. ఆ మాటతో మా ఆయన ఆమెకు భక్తుడైపోయాడు.

ఆమె తెలుగు మీడియం మున్సిపల్ బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. రిటైరైనా చీర కొంగున ఒక సుద్దముక్క ముడేసి ఉండేది. చాయ్‌ని సాసరులో పోసి ఊదుకుంటూ తాగేవారు. ఆమె గదిలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఊరుకునేవారు కాదు, పెళ్లీడు పిల్లలున్న మగవాళ్లు కూడా చెయ్యెత్తి మాట్లాడాల్సిందే. సాయంత్రం కాగానే ఖాడీ దాకా వెళ్లి చూసి వచ్చి, ఇంట్లో మనిషి ఆరోగ్యం చెప్పినట్టు “ఇయ్యాల మంచిగనే ఉన్నది” అనో, “జర కడుపుబ్బినట్టున్నది” అనో చెప్పేవారు.

ఆ వరద తరువాత ఆమె సందులోని తెలుగువాళ్లందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి వాతావరణ మార్పు గురించి పాఠం చెప్పారు. పటాలు, రంగు గీతలు, భూమి బొమ్మ. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాళ్లు సమోసా తిని హాయిగా కునుకు తీశారు. అందరికంటే ముందు గుర్రు పెట్టింది మా ఆయనే. చివర్న ఒక పెద్దాయన లేచి చెయ్యెత్తి అన్నాడు. “టీచరమ్మా, భూమి వేడెక్కుతున్నదంటివి. మిల్లుల బాయిలర్ కాడ మేం వేడెక్కవట్టి శాన దినాలాయె. గిండ్ల కొత్త ముచ్చటేమున్నది?” హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వారు కానీ, ఇంటికొచ్చాక ఆ పటాలన్నీ నా పొయ్యి దగ్గర పడేసి, “ఇగ వీటితోని పొయ్యి రాజెయ్యి బిడ్డా” అన్నారు. ఆమె అంత చిన్నబోవడం నేను మళ్లీ చూడలేదు.

చిన్నబోయి మూల కూర్చునే రకం కాదు కనుక ఆ ఆదివారమే అందరినీ మేడ మీదికి పిలిచారు. “ఇయ్యాల పాఠం లేదు. అందరు యేషాలెయ్యాలె” అన్నారు. నాకు నవ్వాగలేదు. జీవితమంతా పిల్లల్ని “యేషాలెయ్యకుర్రి” అని బెత్తంతో బెదిరించిన మనిషి, ఇప్పుడు మీసాలొచ్చిన మగవాళ్లను వేషాలు వేయమంటున్నారు. ఆ ఆటకు ఆమె పెట్టిన పేరే ఖాడీపూర్. మా ఆయన వెతుక్కుంటూ పోయిన ఊరిని ఆమె మేడ మీద కట్టేశారు.

నేను అప్పటికే ఒంటరి మగవాళ్లకు వండిపెట్టే చిన్న మెస్ మొదలుపెట్టాను. ఆ మెస్‌లో అన్నం వార్చే పెద్ద బేసిను ఖాడీపూర్ అయింది. దారం అయిపోయిన కోన్లు బోర్లించి ఇళ్లు చేశారు. ఒక్కో వంతు ఒక్కో వానాకాలం. ఎవరు ఏం నిర్ణయించుకున్నా దానికి తగ్గట్టు బేసినులో నీళ్లు పడతాయి. నియమం ఒక్కటే, ఎవరి వేషం వాళ్లు వేయకూడదు. “ఎవ్వరి యేషం వాళ్లు ఏస్తె అది ఆట గాదు, రోజు బతుకుతున్న బతుకే” అనేవారు. అలా బాయిలర్ దగ్గర చెమటోడ్చే మా ఆయన మిల్లు సేఠ్ అయ్యాడు. నాకు ఎగువ డ్యాం గేట్లు ఎత్తే ఆఫీసరు వేషం. మా అత్తకు సముద్రం వేషం. అది ఆమెకు సరిగ్గా అతికింది. ఇంట్లోనూ అంతే, ఎవరు ఏం పోసినా లోపలికి తీసుకోదు. దేవుడి వేషం ఇవ్వమని ఒకాయన అడిగితే టీచరమ్మ ఒప్పుకోలేదు. “ఆయనకు యేషం లేదు. ఇయ్యాల ఎవ్వరు ఆయన మీదికి తోసుడు లేదు” అన్నారు.

సేఠ్ గారైన మా ఆయనను బొగ్గు తగ్గిస్తావా అని అడిగారు. “ఆర్డర్లున్నయి టీచరమ్మా. పండుగల సీజను. వచ్చే ఏడు జూస్త” అన్నాడు. పక్కనే వాన వేషంలో ఉన్నతను బేసినులో గ్లాసు మీద గ్లాసు వంచాడు. ఇదెందుకు పెరిగిందని గొడవైతే ఆమె చెప్పారు. “వేడెక్కిన గాలి హమాలోని లెక్క. మునుపటికన్న ఎక్కువ నీళ్లు నెత్తికెత్తుకుంటది. మొయ్యలేనప్పుడు ఒక్కతాన్నే దించుతది. ఆ తావు మన సందే గాకూడదని రాసున్నదా?” హాల్లో గంటసేపు పటాలతో చెప్పింది ఇదే. అప్పుడు గుర్రు పెట్టిన వాళ్లంతా ఇప్పుడు బేసిను చుట్టూ మోకాళ్ల మీద వంగి కూర్చున్నారు. నేను భయపడి డ్యాం గేట్లు ఆలస్యంగా, అన్నీ ఒకేసారి ఎత్తాను. చివరి ఆశ సముద్రం. మా అత్త కొంగు దులుపుకుని, “నా కడుపు నిండుగున్నది. పోటు మీదున్న. మీ నీళ్లు నాకద్దు” అంది. కోన్లన్నీ తేలిపోయాయి.

ఖాడీపూర్ మునిగింది. ఆ పూట మా ఆయన అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కోలేదు. “నేనే ముంచిన్నే. ఒక్క ఏడు ఆగుదమనుకున్న” అన్నాడు. పై అంతస్తులో టీచరమ్మ మాత్రం కూనిరాగం తీస్తున్నారు. మర్నాడు అడిగితే, “ఆటల ఓడుండ్రి, వానల గెలువుండ్రి. చెప్తే చెవుల ఉంటది, ఆడితే కాళ్లల్ల ఉంటది బిడ్డా” అన్నారు. ఆ రోజుకు అది నాకు పంతులమ్మ మాటలా అనిపించింది.

తరువాత చాలా ఆదివారాలు ఆడాం. మా మకాన్ మాలిక్, అంటే ఇంటి యజమాని, మాత్రం ఆడలేదు. ఆయన గుజరాతీ పెద్దమనిషి, సందంతా కాకా అంటాం. చీరల పార్సెళ్ల వ్యాపారం. మొదటి అంతస్తులో ఉంటారు. మేడ మీద గోడకానుకుని మమ్మల్ని చూస్తూ, “బచ్చోం కా ఖేల్ హై, టీచర్‌జీ”, పిల్లలాట, అని నవ్వి దిగిపోయేవారు.

అంతలో కరోనా వచ్చింది. చుట్టుపక్కల మరమగ్గాలు ఆగిపోయాయి. ఆ చప్పుడు ఆగితే నవాగామ్ నవాగామ్‌లా లేదు. చాలామంది దొరికిన బండి ఎక్కి ఊరు చేరుకున్నారు. అత్తకు ప్రయాణం పడదని మేం ఉండిపోయాం. నా మెస్ మూతపడింది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే మెట్ల దగ్గర ఇనుప జాలీ తలుపు వేసి ఉంది, దానికి తాళం. వేసింది కాకా.

నా ఒళ్లు మండిపోయింది. వానాకాలం ముంచుకొస్తోంది. నీళ్లొస్తే కింది గదుల వాళ్లకు ఆ మెట్లే దిక్కు. మా అత్త రోజంతా దగ్గేది. అది దమ్ము దగ్గని పాతికసార్లు చెప్పినా, ఆ రోజుల్లో దగ్గు వినబడితే మనుషులు పాముని చూసినట్టు చూసేవారు. టీచరమ్మ వెళ్లి అడిగితే కాకా చేతులు జోడించి, “మేరే ఘర్ మే మా హై” అన్నారట. నిజమే, వాళ్లమ్మ ఉంది. తొంభై దగ్గర పడిన ముసలావిడ, అందరం ‘బా’ అంటాం. అత్తను పైకి తీసుకుపోకపోతే అత్త దక్కదు. తీసుకుపోతే బా దక్కుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఇదీ మా సందు ముందున్న లెక్క.

“తాళం పలుగగొడ్త” అన్నాను నేను, కింద నిలబడి.

“పలుగగొట్టు” అన్నారు పై నుంచి టీచరమ్మ. “అవసరం పడితె రాయి నేనే అందిస్త. గని తాళం పోతది, ఆయన భయం పోదు. పైకెక్కినంక తలుపు మూసుకున్నోళ్ల ముంగట ఎన్ని దినాలు నిలవడ్తవు? వానకు ఇంక దినాలున్నయి. జర ఆగు.”

ఆ సాయంత్రం ఆమె తన బాల్కనీలో నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరి గుమ్మంలో వాళ్లు, ఎవరి బాల్కనీలో వాళ్లు నిలబడి ఆడాలన్నారు. ఖాళీగా పడున్న నా బేసిను సందు నడుమకు వచ్చింది. మూతికి గుడ్డ కట్టుకున్నా ఆమె గొంతు మాత్రం సందు ఆ చివరికి వినబడింది. “కాకా! ఆజ్ ఆప్ భీ ఖేలేంగే” అన్నారు. ఆయన చెయ్యి అడ్డంగా ఊపుతుంటే లోపలి నుంచి బా, “రమ్ నే!” అని గదమాయించింది. ఆడరా అని తల్లి అంటే కొడుకు ఏం చేస్తాడు?

టీచరమ్మ వేషాలు పంచారు. కాకాకు కింది గదిలో దమ్ముతో ఉన్న ముసలామె వేషం. మా అత్తకు మకాన్ మాలిక్ వేషం. తాళంచెవి బదులు మా అత్త చేతికి నేను గరిటె ఇచ్చాను. మా ఆయన బేసినులో నీళ్లు పోయడం మొదలుపెట్టాడు.

కాకా మొదట నవ్వులాటకు రెండు దగ్గులు దగ్గారు. సందు నవ్వింది. నీళ్లు కోన్ల మొదళ్లకు వచ్చాయి. ఇప్పుడు ఆయన అడగాలి. పెద్దమనిషి, జీవితంలో ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాచని మనిషి, బాల్కనీ కడ్డీ పట్టుకుని కిందికి వంగారు. “బెహన్, దర్వాజా ఖోలో. పానీ ఆ గయా” అన్నారు, అక్కా తలుపు తియ్యి, నీళ్లొచ్చాయి, అని. ఆ గొంతులో ఆట లేదు.

మా అత్త వెంటనే గరిటె తిప్పి తలుపు తీసేస్తుందని, కాకాకు సిగ్గు తెప్పిస్తుందని నేను అనుకున్నాను. నిజం చెప్పాలంటే దాని కోసమే కాచుకుని ఉన్నాను. ఆమె గరిటెను గుండెకు హత్తుకుని కూర్చుంది. “నై ఖోల్తా. మేరే ఘర్ మే మా హై” అంది. కాకాను వెక్కిరిస్తోందనుకుని అందరూ ఘొల్లుమన్నారు.

“నవ్వకుండ్రి!” అని అరిచింది మా అత్త. ఊపిరి కూడదీసుకుని అంది. “ఉత్తగ అనలే. పైన పండు ముసల్ది ఉన్నది. నా దగ్గు ఆమెకు తాకితె ఎట్ల? నేనైతె తియ్య.”

టీచరమ్మ ఆ మాటను హిందీలో కాకాకు చెప్పారు, ఒక్క అక్షరం మార్చకుండా. నాకు ఏడుపు వచ్చింది. తను బయట నిలబడిపోతానని తెలిసి కూడా మా అత్త తలుపు మూసింది. వేషం ఎక్కాక ఆమెకు కనబడింది తన ప్రాణం కాదు, బా ప్రాణం.

కాకా కడ్డీ వదల్లేదు. “తో మై కహాఁ జావూఁ?” అన్నారు. అయితే నేనెక్కడికి పోవాలి, అని. మా ఆయన చేతిలో గ్లాసు ఆగిపోయింది. అప్పుడు కాకా, ఇంకా మా అత్త వేషంలోనే, మెల్లగా అన్నారు. “ముఝే ఊపర్ అగాసీ కే కమ్రే మే జానే దో. తుమ్ అప్నా దర్వాజా బంద్ రఖ్నా.” మేడ మీద పార్సెళ్ల గది ఉంది కదా, నన్ను అక్కడికి పోనియ్యి, నీ ఇంటి తలుపు నువ్వు మూసుకునే ఉండు, అని. రెండు వైపులా కిటికీలున్న గది. ఏళ్ల తరబడి చీరల మూటలతో నిండి ఉంటే అది గది అన్న సంగతే అందరం మరిచిపోయాం.

మా అత్త గరిటెను గుండె మీది నుంచి తీసింది. “గట్లయితె తీస్త” అని గరిటెను గాలిలో గిర్రున తిప్పింది. సందు సందంతా కేకలు, ఈలలు, పళ్లేల మోత. టీచరమ్మ బాల్కనీలో ఎగిరి గంతేశారు. డెబ్బై ఏళ్ల మనిషి గంతేయడం నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

మర్నాడు పొద్దున్నే కాకా మూటలు దింపించి గది ఖాళీ చేశారు. జాలీ తాళంచెవిని కింద మా చెయ్యి అందేచోట మేకుకు తగిలించారు. ఆ తరువాత ఆట అంటే ఇక కాళ్ల పనే. అత్తను ప్లాస్టిక్ కుర్చీలో ఎవరు ఎత్తాలి, గ్యాస్ బండ ఎవరు మోయాలి, కరెంటు మెయిన్ ఎవరు ఆపాలి, మేం మెట్లెక్కేటప్పుడు కాకా వాళ్ల తలుపు ఎవరు మూయాలి. విసుగొచ్చేదాకా చేయించారు. “సచ్చేలోపల ఎన్నిసార్లు మోస్తర్రా నన్ను!” అని మా అత్త కుర్చీలో కూర్చుని తిట్టేది.

ఆ ఏడు వాన దంచింది. మైకు ఆటో వచ్చి “ఖాడీ పూర్ ఆవే ఛే” అనగానే మా ఆయన ఈసారి ఆటో వెంట ఉరకలేదు, కుర్చీ వైపు ఉరికాడు. ఎవరూ ఎవరినీ అడగలేదు. కాళ్లు వాటంతట అవే వెళ్లాయి. కాకా ఇంటి తలుపు మూసుకుంది, మూసిన తలుపు వెనక నుంచి బా ఏదో స్తోత్రం చదువుతుంటే మేం ఆ గుమ్మం దాటి పైకి వెళ్లాం. నడుం లోతు నీళ్లతో ఖాడీపూర్ మా ఇంటికి వచ్చింది, వచ్చి చూస్తే ఇంట్లో ఒక్క పురుగు లేదు. ఆ గదిలో ఉన్నన్ని రోజులూ బా మా కోసం ఖిచిడీ వండించి మెట్ల మలుపులో పెట్టించేది. అందులో కారం లేదని మా అత్త గొణుగుతూనే గిన్నె నాకేసేది. ఎవరికీ జ్వరం రాలేదు. ఇద్దరు ముసలమ్మలూ ఈ రోజుకీ నిక్షేపంగా ఉన్నారు. వాళ్ల కోసం అంత గొంతు చించుకున్న టీచరమ్మే లేరు.

గెలిచామని నేను ఎగిరిపడితే ఆమె చాయ్ ఊదుకుంటూ అన్నారు. “తప్పించుకునుడు నేర్చినం బిడ్డా. ఆపుడు ఇంక నేర్వలే.” పాండేసర పొగ గొట్టాల వైపు చూస్తూ అన్నారు ఆ మాట. అసలు సేఠ్‌లను కూడా బేసిను ముందు కూర్చోబెట్టాలని ఆమె కోరిక. ఒకరిద్దరికి కబురు పంపారు, వాళ్లు రాలేదు. కానీ పక్క సందుల వాళ్లు వచ్చారు. ఒడియా వాళ్లు, మరాఠీ వాళ్లు, బిహారు వాళ్లు, మాకూ నేర్పమని. ఆమె గొడుగు, మూతికి గుడ్డ, కొంగున సుద్దముక్కతో బయల్దేరితే వెనకాల బేసిను మోసుకుని కాకా వెళ్లేవారు. ఏ భాష వాళ్లు ఆడినా ఆ ఊరు ఖాడీపూరే. ఆ పేరు ఎలా వచ్చిందో ప్రతి సందులోనూ చెప్పి నవ్వించేవారు. మా ఆయనకు నవాగామ్ అంతటా పేరొచ్చింది, అది మంచి పేరో కాదో ఆయన ఇంకా తేల్చుకోలేదు.

రెండోసారి కరోనా విరుచుకుపడినప్పుడు ఏం చెయ్యాలో చెప్పమని ఇంటింటి నుంచీ ఆమెకు ఫోన్లు వచ్చేవి. ఆ గండం దాటి, వానలకు ముందు, ఇప్పుడు పోయారు. దహనానికి కొద్దిమందినే రానిస్తామన్నారు. మోసిన నలుగురిలో కాకా ఒకరు, మా ఆయన ఒకడు. మిగతా సందంతా ఎవరి గుమ్మంలో వాళ్లు, ఎవరి బాల్కనీలో వాళ్లు నిలబడింది. ఆ పద్ధతి ఆమె నేర్పిందే. నేను చాలా ఏడ్చాను. నాకు సూరత్‌లో తల్లి లాంటి మనిషి ఆమె ఒక్కరే.

దినవారాలు ముగిశాయో లేదో వాన పట్టుకుంది. ఖాడీ ఉబ్బింది. మైకు రాకముందే అందరం పైకెక్కేశాం, అత్తతో సహా. గదిలో కుర్చీ దింపి నేను డాబా మీదికి వచ్చాను. ఎటు చూసినా డాబాలు, డాబాల మీద పరదాల కింద మనుషులు. కిందంతా ఎర్రటి నీళ్లు. ఇన్ని ఇళ్ల మీద ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరూ మాట్లాడటం లేదు. ఎప్పుడూ పిలిచే గొంతు పిలవడం లేదు కనుక అందరం ఊరికే ఒకళ్ల వైపు ఒకళ్లు చూసుకుంటున్నాం.

అప్పుడు పక్క సందు డాబా మీద నుంచి ఒక ఒడియా ఆమె రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, అందరూ ఎక్కారా అని హిందీలో అరిచింది. “సబ్ చఢ్ గయే క్యా?”

“చఢ్ గయే!” అన్నారు మా కాకా.

దాని అవతలి డాబా నుంచి “చఢీ గయా!” అని గుజరాతీలో ఒకరు. ఇంకా అవతల నుంచి “ఎక్కినం! ఎక్కినం!” అని మనవాళ్లు. ఒక్కో డాబా పలుకుతూ పోతోంది. గదిలోంచి మా అత్త, ఉన్న కాస్త ఊపిరినీ పోగేసుకుని, “నేను గూడ ఎక్కిన్నని చెప్పుండ్రే!” అంది.

నేను పిట్టగోడ దగ్గరికి పోయి గొంతు చించుకుని అరిచాను. “మా అత్త గూడ ఎక్కింది!”

మా అత్త ఎవరో పక్క డాబా వాళ్లలో సగం మందికి తెలియదు. అయినా ఒకతను వెనక్కి తిరిగి, తన అవతలి డాబాకు అందించాడు, “దాదీ భీ చఢ్ గయీ!” వాళ్లు ఆ అవతలికి. ఆ మాట భాషలు మార్చుకుంటూ, ఒక డాబా మీద నుంచి ఇంకో డాబాకు, వానలో తడుస్తూ ఖాడీ దాటి, అటు గట్టు మీది ఇళ్లకు పోతూనే ఉంది.